గీత పక్క ఊరి మీద, నీళ్లు మన వీధిలో

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ హరికేన్ల గురించే. అట్లాంటిక్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా నడుస్తుంది, ఆగస్టు మధ్య నుంచి అక్టోబర్ మధ్య వరకు అయితే తీరంలో ఉన్నవాళ్లకి కంటి మీద కునుకు ఉండదు. ఫ్లోరిడా, టెక్సాస్ తీరాల్లో ఉంటున్న మనవాళ్లతో పాటు ఇండియాలో వాళ్ల అమ్మానాన్నలు కూడా రాశారు. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను.

ప్రశ్న: తుఫాను వస్తోందనగానే ఇంటిల్లిపాదీ ఫోన్లో ఆ కోన్ మ్యాప్ (తుఫాను ఎటు వెళ్లొచ్చో గరాటు ఆకారంలో చూపించే పటం) చూస్తూ కూర్చుంటాం. మధ్య గీత మా మీదుగా ఉంటే టెన్షన్, కాస్త పక్కకి జరిగితే హమ్మయ్య అనుకుంటాం. ఇలా చూడటం సరైనదేనా? – ఒక పాఠకురాలు, సెయింట్ పీటర్స్‌బర్గ్, ఫ్లోరిడా

జవాబు: ఆ హమ్మయ్య దగ్గరే ప్రమాదం ఉందండి. 2024లో మీ ఊళ్లో జరిగిందే గుర్తు చేసుకోండి. సెప్టెంబర్ 26 రాత్రి హెలీన్ హరికేన్ తీరం దాటింది ఎక్కడో పైన, పెర్రీ దగ్గర. దాని కేంద్రం మీకు వంద మైళ్లకు పైగా దూరంలో, గల్ఫ్ ఆఫ్ మెక్సికో సముద్రంలోంచే వెళ్లిపోయింది. అయినా మీ పక్కనున్న అఖాతం టాంపా బే చుట్టూ ఇళ్లలోకి ఉప్పెన వచ్చింది, మీ పినెల్లాస్ కౌంటీలో మనుషులు ఇంట్లోనే మునిగి చనిపోయారు. రెండు వారాలు తిరిగేసరికి మిల్టన్. అది సరాసరి మీ మీదికే అన్నారు, చివరికి అక్టోబర్ 9 రాత్రి కాస్త దక్షిణాన సియెస్టా కీ దగ్గర తీరం దాటింది. హెలీన్ కంటే ఎంతో దగ్గరగా వచ్చిందన్నమాట, కానీ టాంపా బేలో నీళ్లు పెరగకపోగా వెనక్కి పోయి అడుగున బురద బయటపడింది.

దీనికి కారణం గాలి తిరిగే దిశ. భూమధ్యరేఖకి పైన తుఫాను గాలి గడియారం ముల్లుకి ఎదురుదిశలో తిరుగుతుంది, అందుకని తుఫాను వెళ్లే దారికి కుడివైపు పడిన తీరం మీదికి సముద్రాన్ని తోస్తుంది, ఎడమవైపు పడిన చోట తీరం నుంచి సముద్రంలోకి లాగేస్తుంది. హెలీన్‌కి మీరు కుడివైపు పడ్డారు, మిల్టన్‌కి ఎడమవైపు. ఇరవై ముప్పై మైళ్లు అటూ ఇటూ అయితే మిల్టన్ ఉప్పెన కూడా మీదే అయ్యేది, ఆ మాత్రం తేడా ముందురోజు కూడా ఎవరూ ఖాయంగా చెప్పలేరు. పైగా నీళ్లు వెనక్కి పోయిన అదే రాత్రి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 18 అంగుళాలకు పైగా వాన పడింది, బే నుంచి రాని నీళ్లు ఆకాశం నుంచి వచ్చాయి.

ఇక కోన్ సంగతి. నేషనల్ హరికేన్ సెంటర్ వాళ్లు ఆ కోన్ గీసేది తుఫాను కేంద్రం ఎక్కడ ఉండొచ్చో చెప్పడానికి మాత్రమే. గత ఐదేళ్లలో తమ అంచనాలు ఎంత తప్పాయో లెక్కగట్టి, కేంద్రం మూడింట రెండు వంతుల సార్లు లోపల ఉండేలా దాని వెడల్పు పెడతారు. అంటే మూడో వంతు సార్లు కేంద్రమే కోన్ దాటి బయటికి పోవచ్చు. తుఫాను పెద్దదా చిన్నదా, ఎంత దూరం దాకా గాలి వీస్తుంది, నీళ్లు ఎక్కడికి వస్తాయి, ఇవేవీ అందులో ఉండవు. వాట్సాప్‌లో తిరిగే ఆ రంగురంగుల నూడుల్స్ లాంటి మోడల్ గీతలైతే చూడకపోయినా నష్టం లేదు, వాటిలో ఏది నమ్మదగ్గదో ఏది కాదో మనకి తెలిసే దారి లేదు.

మీరు చూడాల్సింది ముందుగా మీ ఎవాక్యుయేషన్ జోన్, అంటే ఉప్పెన ముప్పుంటే ఖాళీ చేయించడానికి గీసిన విభాగాల్లో మీ ఇల్లు దేనిలో ఉందో. అది తుఫాను లేనప్పుడే మీ కౌంటీ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి తెలుసుకుని ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి. ఇల్లు కొన్నప్పుడు ఇన్సూరెన్స్ వాళ్లు చెప్పిన ఫ్లడ్ జోన్ వేరు, ఇది వేరు, చాలామంది ఈ రెండూ ఒకటే అనుకుంటున్నారు. తర్వాత, తుఫాను దగ్గరపడ్డాక వచ్చే ఉప్పెన మ్యాప్. అందులో 6 నుంచి 9 అడుగులు అని ఉంటే సముద్రంలో అల ఎత్తు అనుకోకండి, మామూలుగా పొడిగా ఉండే నేల మీద నిలబడే నీళ్ల లోతు అది, అంటే మీ వీధి పల్లంలో ఉంటే నిలబడ్డ మనిషి తల మునిగేంత. మూడోది, గాలి ఎప్పటికి మొదలవుతుందో చెప్పే మ్యాప్. గంటకు 39 మైళ్ల గాలి మీ దగ్గరికి వచ్చే సమయం అందులో ఉంటుంది, షట్టర్లు బిగించడం, కారెక్కడం అన్నీ దానికి ముందే అయిపోవాలి. గాలి 40, 45 మైళ్లు దాటాక చాలా చోట్ల అంబులెన్సు కూడా బయలుదేరదు.

కొత్త బులెటిన్లు మీ టైం ప్రకారం పొద్దున 5, 11, సాయంత్రం 5, రాత్రి 11కి వస్తాయి, తీరానికి వాచ్ (ముందస్తు హెచ్చరిక), వార్నింగ్ (ఖాయమైన హెచ్చరిక) పెట్టాక మధ్యలో 8కి, 2కి కూడా. ఆ వేళలకి చూసి, మధ్యలో ఫోన్ పక్కన పెట్టి పని చేసుకోండి. ప్రతి పది నిమిషాలకీ రిఫ్రెష్ చేస్తే కొత్త సమాచారం రాదు, మీ ఓపిక మాత్రం అయిపోతుంది.

ప్రశ్న: హ్యూస్టన్ పక్కన కేటీలో ఉంటాం. కేటగిరీ 1 వస్తే ఇంట్లోనే ఉండి, 3 దాటితే డాలస్ వెళ్లిపోదాం అని ఫ్రెండ్స్ అందరం అనుకున్నాం. ఈ ప్లాన్ ఓకేనా? – ఒక పాఠకుడు, టెక్సాస్

జవాబు: కేటగిరీ నంబర్ పట్టుకుని ప్లాన్ వేయకండి. ఆ 1 నుంచి 5 దాకా స్కేలు కొలిచేది గాలిని మాత్రమే, అందులో వానకీ ఉప్పెనకీ చోటే లేదు. 2008లో ఐక్ మీ గాల్వెస్టన్ దగ్గర తీరం దాటినప్పుడు అది కేటగిరీ 2, పక్కనే ఉన్న బొలివార్ ద్వీపకల్పంలో వీధులకి వీధులే కొట్టుకుపోయాయి. 2017లో హార్వీ హ్యూస్టన్‌ని ముంచే సమయానికి హరికేన్ కూడా కాదు, బలహీనపడి కదలకుండా కూర్చున్న తుఫాను, టెక్సాస్‌లోనే ఉన్న నెడర్లాండ్ అనే ఊరి దగ్గర 60 అంగుళాలకు పైగా వాన కురిపించింది. 2024 జూలైలో బెరిల్ కేటగిరీ 1, హ్యూస్టన్ చుట్టుపక్కల 20 లక్షలకు పైగా కనెక్షన్లకి కరెంటు పోయింది, కొందరికి వారం దాటినా రాలేదు, ఆ ఎండలో ఏసీ లేక పోయిన ప్రాణాలున్నాయి.

డాలస్ ఆలోచనకి కూడా ఒక్కసారి ఆగండి. 2005లో రీటా వస్తోందని హ్యూస్టన్ నుంచి లక్షల మంది ఒకేసారి హైవే ఎక్కారు, పెట్రోలు అయిపోయి, ఎండకి తట్టుకోలేక, ఒక బస్సు మంటల్లో చిక్కుకుని, తుఫాను కంటే ఆ ప్రయాణంలోనే ఎక్కువమంది చనిపోయారు. వాళ్లలో ఎంతోమంది కదలాల్సిన అవసరమే లేనివాళ్లు. మీ వైపు తీరానికి దగ్గరగా ఉన్న జిప్-జోన్లు (జిప్ కోడ్, అంటే మన పిన్‌కోడ్ లాంటిది, దాని ప్రకారం విడదీసిన ప్రాంతాలు) ముందు ఖాళీ చేస్తారు, కేటీ వాటిలో లేదు. అక్కడి సామెతలాంటి మాట ఒకటుంది, నీళ్ల నుంచి పారిపో, గాలి నుంచి దాక్కో అని. మీరు రెండో రకం. ఇల్లు గట్టిది, బేయూకో (నెమ్మదిగా పారే వాగు) రిజర్వాయరుకో ఆనుకుని లేదు, ఇంట్లో కరెంటు మీద ఆధారపడ్డ పేషెంట్ లేరు అంటే ఉండిపోయి, కరెంటు లేని వారానికి సిద్ధపడండి. జిప్-జోన్‌లో ఉన్న ఫ్రెండ్ ఎవరైనా ఉంటే మీ ఇంటికి పిలవండి. తీరం నుంచి కదలాల్సినవాళ్లు వందల మైళ్లు పోనక్కర్లేదు, ఉప్పెన అందని చోట గట్టి కప్పు కింద ఉంటే చాలు.

ప్రశ్న: మా మామయ్యగారు అవనిగడ్డ నుంచి వచ్చి మా దగ్గరే ఉన్నారు. మా జోన్ ఖాళీ చేయమంటే, "1977 ఉప్పెన చూసినవాణ్ణి, ఈ కాంక్రీటు ఇంట్లో నాకేమవుతుందమ్మా" అంటారు. ఎలా ఒప్పించాలి? – ఒక కోడలు, ఫోర్ట్ మయర్స్

జవాబు: ఆయనకి ఎదురు చెప్పకండమ్మా, ఆయన చూసిందే ఆయన్ని అడగండి. ఆ నవంబర్ 19న దివిసీమలో జనం పోయింది గాలికా, నీళ్లకా? ఎన్నింటికి నీళ్లొచ్చాయి, ఎంతసేపట్లో పెరిగాయి? ఆయన నోటితోనే చెప్పనివ్వండి. ఉప్పెన అంటే ఏంటో మనలో చాలామంది కంటే ఆయనకే బాగా తెలుసు, ఆయనకి తెలియనిదల్లా ఆ నీళ్లు ఇక్కడికీ వస్తాయని. 2022 సెప్టెంబర్ 28న ఇయన్ వచ్చినప్పుడు మీ లీ కౌంటీలోనే, ఫోర్ట్ మయర్స్ బీచ్‌లో, ఇళ్లు పునాదుల దాకా ఊడ్చుకుపోయాయి. ఇయన్ గురించి మొదట్లో అందరి కళ్లూ టాంపా మీదే ఉన్నాయి, కానీ మీ కౌంటీ కోన్ లోపలే ఉంది, గీత మీ మీద లేదని కొందరు ధైర్యంగా ఉండిపోయారు. ఆ తర్వాతి ఫొటోలు ఆయనకి చూపించండి.

వయసైనవాళ్లు మొండికేసేది చాలాసార్లు ప్రాణం మీద లెక్కలేక కాదు, షెల్టర్‌లో బాత్రూం ఎలా ఉంటుందో, మందుల వేళ తప్పుతుందేమో, మీకు భారం అవుతామేమో అన్న బెంగ ఉంటుంది. ఎక్కడికి వెళ్తున్నారో, ఆ ఇంట్లో ఆయన ఎక్కడ పడుకుంటారో ముందే చెప్పండి. రెండు వారాల మందులు, పాత ప్రిస్క్రిప్షన్లు ఆయన చేతి సంచిలోనే పెట్టండి. విజిటర్ ఇన్సూరెన్స్ కాగితం కూడా. చివరికీ ఒప్పుకోకపోతే ఆయన్ని వదిలి వెళ్లే ప్రశ్నే లేదు కాబట్టి వాచ్ పడ్డ రోజే ఈ మాటలు మొదలుపెట్టండి. హరికేన్ వాచ్ అంటే తుఫాను గాలి మొదలవడానికి సుమారు 48 గంటల ముందు, వార్నింగ్ అంటే 36 గంటల ముందు, ఆ పన్నెండు గంటలు మీకు చాలా విలువైనవి.

ప్రశ్న: మా అబ్బాయి టాంపాలో ఎమ్మెస్ చదువుతున్నాడు. పోయినసారి తుఫానప్పుడు ఫోన్ ఎత్తలేదు, ఇక్కడ టీవీలో చూసి మాకు ప్రాణాలు పోయినంత పనైంది. – ఒక తల్లి, గుంటూరు

జవాబు: మీ బాధ అర్థమవుతోందమ్మా. అక్కడ కరెంటు పోతే సెల్ టవర్లు కూడా పోతాయి, ఫోన్ ఎత్తకపోవడం అంటే చాలావరకు అంతే. తుఫానుకి ముందే ఒక మాట అనుకోండి, కాల్స్ వద్దు, పొద్దునొకటి సాయంత్రం ఒకటి మెసేజ్ చాలని. నెట్‌వర్క్ బలహీనంగా ఉన్నప్పుడు కూడా మామూలు ఎస్సెమ్మెస్ వెళ్తుంది. మీరు పదేపదే చేస్తే బాబు బ్యాటరీ అయిపోతుంది. వేరే రాష్ట్రంలో ఉన్న ఒక బంధువునో స్నేహితుడినో అనుకుని, బాబు వాళ్లకి చెప్పడం, వాళ్లు మీకు చెప్పడం పెట్టుకోండి. ఇంకో ముఖ్యమైన విషయం, పాస్‌పోర్టు, ఐ-20 (స్టూడెంట్ వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే కాగితం) జిప్ కవర్లో పెట్టి ఒంటి మీది బ్యాగులో ఉంచుకోమనండి, తడిసి పోతే మళ్లీ తెచ్చుకోవడానికి తిప్పలు పడాలి. ఉద్యోగాల్లో ఉన్న పిల్లలకి ఐ-797 (ఇమిగ్రేషన్ వాళ్లు ఇచ్చే ఆమోద పత్రం) కూడా.

ప్రశ్న: జనరేటర్ కొన్నాం. గ్యారేజీ తలుపు సగం తెరిచి లోపల పెట్టుకోవచ్చా, వానకి తడవకుండా? – ఒక పాఠకుడు, పెన్సకోలా

జవాబు: వద్దు, ఏ పరిస్థితిలోనూ వద్దు. తలుపు మొత్తం తెరిచినా వద్దు. జనరేటర్ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే తీసుకుపోతుంది. 2020లో లారా వచ్చినప్పుడు లూయిసియానాలో తుఫాను గాలికి, నీళ్లకి పోయినవాళ్ల కంటే ఇలా పోయినవాళ్లే ఎక్కువ. ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం కిటికీల వైపు కాకుండా పెట్టండి, గాలివాన తగ్గాకే స్టార్ట్ చేయండి, ఇంట్లో బ్యాటరీతో నడిచే అలారం పెట్టండి. క్యాంప్ స్టవ్, బొగ్గుల గ్రిల్లు కూడా అంతే, వంటింట్లో వెలిగించకండి. కరెంటు స్టవ్ ఉన్నవాళ్లు అటుకులు, పొడులు, పచ్చళ్లు, బ్రెడ్డు లాంటివి దగ్గర పెట్టుకుంటే పొయ్యి అవసరమే రాదు. నిండుగా ఉన్న ఫ్రీజర్ తలుపు తీయకపోతే 48 గంటలు చల్లగా ఉంటుంది, ఫ్రిజ్ మాత్రం నాలుగు గంటలే. మనిషికి రోజుకి ఒక గ్యాలన్ నీళ్లు, బాత్‌టబ్ నింపేది ఫ్లష్‌కి.

ప్రశ్న: కిటికీలకి ఇంటూ గుర్తులా టేప్ వేస్తే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. అద్దం పగలకుండా అది ఆపదు, పైగా పెద్ద పెద్ద ముక్కలుగా ఎగిరిపడుతుంది. ప్లైవుడ్ గానీ షట్టర్లు గానీ పెట్టండి, వీలుంటే గ్యారేజీ తలుపుకి లోపలి నుంచి దన్ను ఇవ్వండి. ఆ వెడల్పాటి తలుపు ఒకసారి లోపలికి వంగిందంటే గాలి దూరి ఇంటి కప్పునే పైకి లేపుతుంది.

ప్రశ్న: మేం అద్దె ఇంట్లో ఉంటాం, రెంటర్స్ ఇన్సూరెన్స్ ఉంది. చాలా? – కార్పస్ క్రిస్టి నుంచి ఒక దంపతులు

జవాబు: వరద నీళ్లకి అది మామూలుగా వర్తించదు. ఫెడరల్ ఫ్లడ్ ఇన్సూరెన్స్‌లో అద్దెవాళ్లకి సామాన్ల వరకే ఇచ్చే పాలసీ ఉంది, లక్ష డాలర్ల దాకా. కానీ కొన్నాక సాధారణంగా 30 రోజులు ఆగితేనే అమల్లోకి వస్తుంది, తుఫానుకి పేరు పెట్టాక కొన్నవాళ్లకి ఆ తుఫానులో పైసా రాదు. ఈ వారమే తీసుకోండి. తీసుకున్న రోజే ఫోన్‌తో గది గదికీ వీడియో తీసి, టీవీ, ల్యాప్‌టాప్ వెనక సీరియల్ నంబర్లు కనపడేలా పెట్టి, క్లౌడ్‌లో వేసుకోండి. కారు సంగతి వేరు, దానికి మీ ఆటో పాలసీలో కాంప్రహెన్సివ్ ఉందో లేదో చూసుకోండి, లయబిలిటీ (ఎదుటివాళ్ల నష్టానికి ఇచ్చేది) మాత్రమే ఉంటే నీళ్లలో మునిగిన కారుకి ఏమీ రాదు.