ఇటలీ ట్రిప్‌కి అమ్మ గాజులు తాకట్టు పెట్టాలా?

ప్రశ్న: మాది హిందూపురం. బెంగళూరులో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను, మారతహళ్లిలో పీజీలో ఉంటాను. ముగ్గురు ఫ్రెండ్స్‌తో కలిసి మే నెలలో పది రోజులు రోమ్, ఫ్లోరెన్స్, వెనిస్ చూసి రావాలని ప్లాన్. ఏజెంటు మనిషికి 2,30,000 అంటున్నాడు. నా దగ్గర 80,000 ఉన్నాయి. ఇంటర్న్‌షిప్ స్టైపెండ్ నెలకు 18,000, పీజీ అద్దె నాన్న కడతారు. మిగతా లక్షన్నర ఒక లోన్ యాప్ 24 శాతం వడ్డీకి, రెండేళ్ల ఈఎంఐ మీద ఇస్తానంటోంది. అమ్మేమో తన గాజులు బ్యాంకులో పెడదాం అంటోంది. ఏది మేలు? మే దాటితే మళ్లీ సెలవులు జనవరి నెలాఖరులోనే.

జవాబు: రెండూ వద్దమ్మా. ట్రిప్ మాత్రం మానుకోవద్దు. ఇరవై ఏళ్ల వయసులో స్నేహితులతో రోమ్ వీధుల్లో తిరగడం మంచి కోరికే, దానికి డబ్బు ఖర్చుపెట్టడం తప్పు కాదు. మారాల్సిందల్లా తేదీ. మే నుంచి జనవరికి.

ముందు ఆ యాప్ సంగతి. ఏడాదికి 24 శాతం అంటే మన ఊళ్ల లెక్కలో నూటికి రెండు రూపాయల వడ్డీ. లక్షన్నరకు రెండేళ్లపాటు నెలకు సుమారు 7,930 కట్టాలి, మొత్తం లక్షా తొంభై వేలు దాటుతుంది, అంటే పది రోజుల సరదాకి నలభై వేలు వడ్డీ, ప్రాసెసింగ్ ఫీజు వేరే. ఇంటర్న్‌షిప్ ఎప్పుడైనా ఆగిపోవచ్చు, ఈఎంఐ ఆగదు. రెండు నెలలు తప్పితే సిబిల్ స్కోరు (అప్పులు సరిగా కడుతున్నారా అని బ్యాంకులు చూసే మార్కు) దెబ్బతింటుంది, రేపు ఎంఎస్‌కి ఎడ్యుకేషన్ లోన్ కావాలని బ్యాంకుకి వెళ్తే ఆ మచ్చ అక్కడ కనిపిస్తుంది. గాజుల మీద వడ్డీ ఇంతకంటే తక్కువే ఉంటుంది, కాదనను. కానీ అవి రేపు ఇంట్లో ఎవరికైనా ఆసుపత్రి అవసరం పడితే చేతికొచ్చే డబ్బు. విహారయాత్రకి వాటిని ముట్టుకోకండి, అమ్మ ఇస్తానన్నా సరే.

ఇప్పుడు జనవరి లెక్క. ఈ నెల నుంచే 9,500 రికరింగ్ డిపాజిట్‌లో వేయండి, స్టైపెండ్ పడిన మర్నాడే కట్ అయ్యేలా. పది నెలలకు 95,000, మీ 80,000 కలిపితే 1,75,000. ప్యాకేజీ కాకుండా మీరే బుక్ చేసుకుంటే, హాస్టల్ బెడ్లలో ఉంటే, ఇది సరిపోతుందని నా అంచనా: రానుపోను విమానం అరవై వేలు, వీసా, ఇన్సూరెన్స్ పదమూడు, బస ముప్పై, తిండి పాతిక, రైళ్లు, బస్సులు, టికెట్లు కలిపి ముప్పై, మిగిలిన పదిహేడు వేలు ముట్టుకోకుండా అత్యవసరానికి. ధరలు బుక్ చేసే రోజు మళ్లీ చూసుకోండి. ప్యాకేజీ కొంటే టీసీఎస్ (అమ్మేవాళ్లే ముందుగా పట్టుకునే ఆదాయపు పన్ను) కూడా వసూలు చేస్తారు, మీ పాన్ మీద రిటర్ను వేస్తే అది వెనక్కి వస్తుంది గానీ అప్పటిదాకా డబ్బు ఇరుక్కుపోతుంది.

జనవరి నెలాఖరులో ఇంకో లాభం ఉంది, ఇది నాకు భలే నచ్చింది. వాటికన్ మ్యూజియంలు ప్రతి నెలా చివరి ఆదివారం ఉచితం, మధ్యాహ్నం 12:30 లోపు లోపలికి వెళ్లాలి. ఇటలీ ప్రభుత్వ మ్యూజియంలు నెలలో మొదటి ఆదివారం ఉచితం. కాబట్టి జనవరి చివరి ఆదివారానికి ముందు రోజు, శనివారం రోమ్‌లో దిగి, మర్నాడు వాటికన్ చూసి, గురువారం ఫ్లోరెన్స్ చేరితే, ఫిబ్రవరి మొదటి ఆదివారం ఉఫీజీ గ్యాలరీ, మైకెలాంజెలో డేవిడ్ విగ్రహం ఉన్న అకాడెమియా, రెండూ టికెట్ లేకుండా చూడొచ్చు. క్యూ చాంతాడంత ఉంటుంది, పొద్దున్నే వెళ్లండి. సాయంత్రం రైలెక్కితే రెండు గంటల్లో వెనిస్, మంగళవారం అక్కడి నుంచే తిరుగు విమానం. మళ్లీ రోమ్‌కి రావక్కర్లేదు. కార్నివాల్ (అక్కడి ముసుగుల ఉత్సవం) ఆ రోజుల్లోనే పడితే వెనిస్‌లో గదుల ధరలు మండిపోతాయి, పక్కనే ఉన్న మెస్త్రేలో దిగండి, రైల్లో పది నిమిషాలు. వెనిస్‌లో బోటు ఒక్కసారి ఎక్కితే 9.50 యూరోలు, అందుకే వీలైనంత నడవండి.

కాలేజీ ఐడీ కార్డు చూపిస్తే రాయితీ వస్తుందని లెక్కలేసుకోవద్దు. అక్కడి ప్రభుత్వ మ్యూజియంల్లో 18 నుంచి 25 ఏళ్ల వాళ్లకిచ్చే 2 యూరోల టికెట్ యూరోపియన్ యూనియన్ పౌరులకే. కొలోసియంకి మీకు పూర్తి టికెట్ 18 యూరోలు. మూడు ఊళ్లలోనూ బస దగ్గర రాత్రికి ఇంతని సిటీ ట్యాక్స్ విడిగా తీసుకుంటారు, అదీ గుర్తుంచుకోండి.

ఇటలీకి కావాల్సిన షెంగెన్ వీసా (చాలా ఐరోపా దేశాలకు కలిపి ఇచ్చే వీసా) ఫీజు 90 యూరోలు, వీసా రాకపోయినా తిరిగి ఇవ్వరు. కనీసం 30,000 యూరోల మెడికల్ కవర్ ఉన్న ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, మీరు అక్టోబరులో మొదలుపెట్టండి. బ్యాలెన్స్ చూపించడానికి ఒకే లక్షని నలుగురి ఖాతాల్లో తిప్పుకునే ఆలోచన ఎవరికైనా ఉంటే ఇప్పుడే ఆపండి, స్టేట్‌మెంట్‌లో హఠాత్తుగా పడిన డబ్బు అనుమానం తెస్తుంది. నాన్నగారి స్పాన్సర్ లెటర్, ఆయన ఐటీ రిటర్నులు, కాలేజీ లెటర్ పెట్టండి. నలుగురిలో ఒకరికి వీసా రాకపోవచ్చు కూడా, అందుకే బసలన్నీ క్యాన్సిల్ చేసుకోగలిగేవే తీసుకోండి.

అక్కడి ఖర్చుకు ఎవరి ఫారెక్స్ కార్డు (ముందే యూరోలు నింపుకునే కార్డు) వాళ్లకుండాలి. మామూలు క్రెడిట్ కార్డు మీద చాలా బ్యాంకులు మూడున్నర శాతం దాకా మార్కప్ (విదేశీ ఖర్చు మీద అదనపు రుసుము), దాని మీద జీఎస్టీ వేస్తాయి. కార్డు మెషీన్ రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే నొక్కండి. నలుగురి ఖర్చూ ఒకరి కార్డు మీద పెట్టి వచ్చాక సర్దుకుందాం అనే పద్ధతి మాత్రం ఒప్పుకోకండి, స్నేహాలు చెడేది ఇక్కడే. మనిషికి 100 యూరోలు ముందే ఒక ఉమ్మడి పర్సులో వేసి, అయిపోయాక మళ్లీ తలా ఇంత వేసుకోండి.

ఫ్రెండ్స్ మేలోనే వెళ్తామంటారా? బాధగానే ఉంటుంది, అయినా వెళ్లనివ్వండి. కానీ ముందు ఈ లెక్క వాళ్లకి చూపించండి, ఆ యాప్ దగ్గర అప్పుకి సిద్ధమైన వాళ్లు ఆ ముగ్గురిలోనూ ఉండే ఉంటారు.