ముక్కు కారితే సూది వేయించాలా?

ప్రశ్న: మాకో జెర్సీ సంకర ఆవు, రెండు ముర్రా బర్రెలు ఉన్నాయి. చలి ముదిరినప్పటి నుంచి ఆవుకు ముక్కు కారుతోంది, పొద్దున్నే దగ్గుతోంది. మేత తింటోంది, పాలు తగ్గలేదు. మందుల దుకాణంలో మూడు రోజులు యాంటీబయాటిక్ సూది వేయించమన్నారు. వేయించాలా, ఆగాలా?
– పాడి రైతు, పరకాల

జవాబు: ఇప్పుడే సూది వద్దు. ముందు జ్వరం చూడండి. ఎండెక్కకముందే థర్మామీటర్‌లో పాదరసం 96 కిందికి దిగేలా విదిలించి, కొసకు నూనె రాసి, మలద్వారంలో పక్కకు ఆనేలా రెండు నిమిషాలు ఉంచండి. పేడలో గుచ్చుకుంటే ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది. జ్వరం లేదని మోసపోయేది ఇక్కడే. ఆవుకు 101.5 డిగ్రీల ఫారన్‌హీట్‌కు కాస్త అటూ ఇటూ మామూలే. 102.5 లోపు ఉండి, మేత తిని నెమరు వేస్తుంటే రోజుకు రెండుసార్లు చూసుకుంటూ రెండు మూడు రోజులు ఆగొచ్చు. 103.5 దాటినా, జ్వరంతో పాటు మేత తగ్గినా ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

ముట్టెను కూడా గమనించండి. బాగున్న ఆవు ముక్కురంధ్రాలను మాటిమాటికీ నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటుంది. డీలా పడ్డది ఆ పని మానేస్తుంది, చీమిడి అక్కడే ఎండి అట్టకడుతుంది. తేట చీమిడి చిక్కబడి పసుపు రంగుకు తిరిగినా, చల్లని పూట నీడలో డొక్క ఎగరడం నిమిషానికి 40 దాటినా, మెడ చాచి నోటితో ఊపిరి తీస్తున్నా జబ్బు ఊపిరితిత్తులకు దిగిందనే అనుకోవాలి. అంత ఒళ్లున్న పశువుకు ఊపిరితిత్తులు చిన్నవే, అవి చెడితే కోలుకోవడం కష్టం. అప్పుడు మొదలుపెట్టిన సూదులు డాక్టరు చెప్పినన్ని రోజులూ పడాలి. ఒక్క సూదితో జ్వరం దిగిందని ఆపితే జబ్బు తిరగబెడుతుంది. సూదులు పడుతున్నన్నాళ్లూ, చివరి సూది తర్వాత మందు పెట్టె మీద రాసినన్ని రోజులూ ఆ పాలు కేంద్రానికి పోయకండి.

సంకర ఆవు అన్నారు కాబట్టి భుజం ముందు చర్మం కింద తడిమి చూడండి. అక్కడ గడ్డ ఉబ్బి, జ్వరం కూడా ఉంటే అది సర్ది కాకపోవచ్చు. పిడుదులతో వచ్చే థైలీరియా కావచ్చు, దాని మందు వేరు.

మీరు చెప్పినదాన్ని బట్టి మా అనుమానం కొట్టం మీదే. చలికని చుట్టూ పట్టాలు కట్టేస్తే మూత్రపు ఘాటు లోపలే నిలుస్తుంది. తెల్లారి పేడ తీయకముందు ముట్టె ఎత్తులో కూర్చొని చూడండి, మీ కళ్లు మండితే కారణం దొరికినట్టే. పట్టా పశువు వీపు ఎత్తు దాకా చాలు, పైన గాలి ఆడాలి. తవుడు తడిపి పెట్టండి. బూజు పట్టిన వరిగడ్డి వేయకండి, దోమల పొగ కొట్టంలో పెట్టకండి.

ఆగొచ్చన్న మాట వానాకాలంలో బర్రెలకు మాత్రం చెల్లదు. 105 దాటిన జ్వరం, గొంతు కింద వాపు, గురక కనిపిస్తే అది గొంతువాపు. ఒక్క రోజులోనే ప్రాణం పోవచ్చు. వానలకు ముందే ఏటా టీకా వేయించండి.

ప్రశ్న: దగ్గుకు అల్లం, మిరియాల కషాయం గొట్టంతో పోస్తున్నాం. మంచిదేనా?
– నర్సంపేట

జవాబు: తల పైకెత్తి పట్టి పోస్తే గుటక పడక కషాయం ఊపిరితిత్తుల్లోకి పోతుంది. నూనె అయితే మరీ ప్రమాదం, ముక్కులో అసలే పోయొద్దు. అల్లం, మిరియాలు దంచి బెల్లంతో ముద్ద చేసి తినిపించండి. ఇప్పటికే పోసేటప్పుడు ఉక్కిరిబిక్కిరై ఉంటే మూడు నాలుగు రోజులు జ్వరం చూడండి. ఊపిరి బరువైతే వెంటనే సంచార పశువైద్య సేవల నంబరు 1962కు ఫోన్ చేయండి.