పన్ను తీయించుకోబోతున్న స్వాతికి

చి. స్వాతికి పెద్దమ్మ ఆశీస్సులు.

శనివారం జ్ఞానదంతం తీయించుకుంటున్నావని, మత్తు ఇచ్చే క్లినిక్ కూడా నువ్వే వెతుక్కున్నావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. చిన్నప్పుడు ఇద్దరు చేతులు పట్టుకుంటే ఒకాయన నీ పన్ను పీకాడు. అప్పటి నుంచి డెంటిస్టు బోర్డు కనిపిస్తే రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్ళిపోయేదానివి. అలాంటిది నీ అంతట నువ్వే అపాయింట్‌మెంట్ తీసుకున్నావు. ఎంత గర్వంగా ఉందో చెప్పలేను. కానీ ఒక్కదానివే కూకట్‌పల్లి నుంచి స్కూటీ మీద వెళ్ళి, దాని మీదే తిరిగొస్తావట. ఆ మాట విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ముందు ఒక సంగతి. మత్తు కావాలని అడగడానికి సిగ్గుపడకు. "ఇంత పెద్దదానివి, పన్నుకి భయమేంటి" అనేవాళ్ళ మాట వినొద్దు. భయంతో ఏళ్ళ తరబడి వాయిదా వేసి, చీము పట్టాక ముఖం వాచి వచ్చినవాళ్ళని ఆస్పత్రిలో నేను చాలామందిని చూశాను.

చిగురు మొద్దుబారడానికి ఇచ్చే ఇంజెక్షన్ వేరు, భయం తగ్గించే మత్తు వేరు. మత్తు ఇచ్చినా ఆ ఇంజెక్షన్ ఉంటుంది, కాకపోతే దాని టెన్షన్ నీకు అంతగా తెలియదు. అన్నిటికన్నా తేలికైనది లాఫింగ్ గ్యాస్. నైట్రస్ ఆక్సైడ్‌ని ఆక్సిజన్‌తో కలిపి ముక్కు మీద మాస్కుతో ఇస్తారు. కొద్దికొద్దిగా పెంచుతారు, కొన్ని నిమిషాల్లోనే ఒళ్ళు తేలికపడుతుంది. చివర్లో ఉత్త ఆక్సిజన్ ఇస్తే తొందరగా దిగిపోతుంది. జలుబుతో ముక్కు మూసుకుపోతే మాత్రం పనిచేయదు. రెండోది గంట ముందు వేసుకునే మాత్ర. నాకు దాని మీద పెద్ద నమ్మకం లేదు. మింగాక తగ్గించడానికి లేదు, ఒకే మాత్రకి ఒకరు జోగుతారు, ఇంకొకరికి ఏమీ అనిపించదు. మూడోది నరంలోకి ఇచ్చేది, ఎక్కువగా మిడజోలం అనే మందు. చూసుకుంటూ కొంచెం కొంచెం ఎక్కిస్తారు. పిలిస్తే పలుకుతావు, తర్వాత చాలావరకు గుర్తుండదు. పూర్తి మత్తు ఆపరేషన్ థియేటర్ వ్యవహారం, ఒక్క పన్నుకి అంతవరకూ రాదనుకుంటాను. నన్నడిగితే ముందు గ్యాస్ గురించి అడుగు. పన్ను ఎముకలో ఇరుక్కుని ఎక్కువసేపు పట్టేలా ఉంటే, మత్తు డాక్టరు విడిగా ఉండి నరంలోకి ఇచ్చేది మంచిది.

ఇక మీ చిన్న మామయ్య సంగతి. నీకు ఎవరూ చెప్పి ఉండరు.

వాడికీ నీలాగే భయం. దవడ పన్ను పుచ్చిపోతే లవంగాలు, నొప్పి మాత్రలతో నెట్టుకొచ్చాడు. ఆ రోజుల్లో రాత్రి నిద్ర పట్టక అల్ప్రాజోలం వాడేవాడు. పాత చీటీ చూపించి మెడికల్ షాపులో కొనేవాడు, మీ అత్తయ్యకి కూడా తెలియదు. క్లినిక్‌లో 'వాడుతున్న మందులు' అన్న చోట ఏమీ లేవని రాశాడు. పక్కనే మీ అత్తయ్య కూర్చుని ఉంది మరి. పైగా ఆ పొద్దున టెన్షన్‌కి ఇంట్లో ఒక మాత్ర వేసుకుని వచ్చాడు. డాక్టరు వాడు రాసింది నమ్మి, నరంలోకి చిన్న మోతాదే ఇచ్చారు. కాసేపటికే గురక లాంటి శబ్దం మొదలైంది. ఊపిరికీ ఊపిరికీ మధ్య ఎడం పెరిగింది. వేలికి పెట్టిన మెషీన్‌లో ఆక్సిజన్ అంకె పడిపోతోంది. డాక్టరు వెంటనే గడ్డం పైకెత్తి ఆక్సిజన్ పెట్టి, పేరు పెట్టి గట్టిగా పిలుస్తూనే ఉన్నారు. నేను వాడి చొక్కా జేబు వెతికితే మాత్రల స్ట్రిప్ దొరికింది. అది చూశాక ఫ్లూమజెనిల్ ఇచ్చారు, ఆ మత్తుకి విరుగుడు. తేరుకున్నాడు. పన్ను మాత్రం ఆ రోజు తీయలేదు.

"నిద్రమాత్ర కూడా మందేనా అక్కా?" అన్నాడు నాతో. కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ సాయంత్రం చక్కగా మాట్లాడుతూ బండి తాళాలు ఇమ్మని నాతో గొడవపడ్డాడు. నేను ఇవ్వలేదు. మర్నాడు అడిగితే ఆ గొడవే వాడికి గుర్తు లేదు! స్కూటీ వద్దని ఎందుకంటున్నానో ఇప్పుడు అర్థమైందా? తర్వాత అన్నీ చెప్పి, ఇంకో రోజు వెళ్ళి అదే మత్తుతో హాయిగా తీయించుకున్నాడు.

కాబట్టి నువ్వు రాత్రిళ్ళు వేసుకునే ఎలర్జీ మాత్ర కూడా చెప్పు, అదీ నిద్ర తెచ్చేదే. ఆయుర్వేదం పొడులు చెప్పు. గురక పెడతావని చెప్పు. పార్టీల్లో ఎప్పుడైనా తాగితే నాకు చెప్పక్కర్లేదు, డాక్టరుకి చెప్పు.

వాళ్ళని కూడా అడుగు: ఆక్సిజన్ ఉందా, వేలి మెషీన్ పెడతారా, పన్ను తీసే డాక్టరు కాకుండా నా ఊపిరి చూసేవాళ్ళు ఇంకొకరు ఉంటారా? ఇలా ఊపిరి కనిపెట్టుకుని చూడటం మన హైదరాబాద్‌కి కొత్త కాదు. 1888, 1889లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఖర్చుతో డాక్టర్ ఎడ్వర్డ్ లారీ ఇక్కడే క్లోరోఫాం అనే ఆనాటి మత్తుమందు మీద పరీక్షలు చేయించాడు. మత్తులో ఉన్న మనిషి శ్వాసనే చూస్తుండాలని ఆయన పట్టుబట్టాడు. క్లోరోఫాం గుండెను నేరుగా దెబ్బతీయదన్న ఆయన వాదన తర్వాత తప్పని తేలింది, శ్వాస చూడాలన్న మాట మాత్రం నిలబడింది. ఆ కాలంలోనే రూపాబాయి ఫర్దూన్‌జీ అనే డాక్టరమ్మ మన హైదరాబాద్‌లో క్లోరోఫాం ఇచ్చేది. థియేటర్లో నర్సుగా ఉన్నన్నాళ్ళూ ఆమెను తలుచుకుంటే నాకు ధైర్యంగా ఉండేది.

నరంలోకి ఇచ్చేదైతే ఆరు గంటల ముందు నుంచి ఏమీ తినకు, పాలు పోసిన కాఫీ కూడా తిండి కిందే లెక్క. మంచినీళ్ళు రెండు గంటల ముందు వరకు తాగొచ్చు. క్లినిక్ వాళ్ళు ఇంకోలా చెబితే వాళ్ళ మాటే విను. వేలి మెషీన్ కోసం గోళ్ళ రంగు తీసెయ్యి. ఎడమ చెయ్యి ఎత్తితే ఆపాలని ముందే మాట్లాడుకో. ఆ రోజంతా బండి ముట్టుకోకు, ఏ కాగితం మీదా సంతకం పెట్టకు.

శనివారం పొద్దున్నే నేను మెట్రోలో వస్తాను, అక్కడి నుంచి క్యాబ్‌లో వెళ్దాం. "ఎందుకు పెద్దమ్మా, నేను చూసుకుంటాగా" అనకు, వచ్చి తీరతాను. వాడే మందులన్నీ ఒకచోట పెట్టి, ఈ రాత్రికే ఫోటో తీసి నాకు పంపు.

మీ పెద్దమ్మ