పొడవైన ఇంటి దారిలో మంచు తీయడానికి ట్రాక్టర్‌కు ఏ పనిముట్టు కొనాలి?

300 మీటర్ల కంకర దారి, ముందు లోడర్ బకెట్ ఉన్న 35 హెచ్‌పీ ట్రాక్టర్ ఉన్నాయని, ఒక్క పనిముట్టు కొనడానికే డబ్బు సరిపోతుందని రాశారు. వెనుక బ్లేడు కొనాలా, లోడర్‌కు తగిలించే ముందు బ్లేడా, మంచును గొట్టంలోంచి దూరంగా విసిరే స్నో బ్లోయరా అన్నది మీ ప్రశ్న. ఇంచుమించు ఇలాంటి దారినే నేను ఏళ్ల తరబడి శుభ్రం చేస్తున్నాను, ఈ మూడింటితోనూ పని చేశాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మీ దారి గాలికి తెరిచి ఉండి, పడిన మంచు వారాల తరబడి కరగకుండా నిలిచేదైతే, పీటీఓతో (ఇంజిన్ శక్తిని పనిముట్టుకు అందించే, ట్రాక్టర్ వెనుక తిరిగే కడ్డీతో) నడిచే వెనుక స్నో బ్లోయర్ కొనండి. ఒకసారి పడిన మంచు మళ్లీ పడేలోపు చాలావరకు కరిగిపోయే చోటైతే వెనుక బ్లేడు చాలు. ముందు బ్లేడును నేను మూడో స్థానంలోనే పెడతాను.

ముందుగా ఎంత మంచుతో వ్యవహరిస్తున్నామో చూడండి. దారి వెడల్పు 3 మీటర్లు, పడిన మంచు 15 సెంటీమీటర్లు అనుకుంటే మొత్తం 135 ఘనపు మీటర్లు. అప్పుడే పడిన పొడి మంచు ఘనపు మీటరుకు 100 కిలోలు తూగినా అది పదమూడున్నర టన్నులు. తడిసి అణిగిన మంచు 300 కిలోల దాకా తూగుతుంది, అప్పుడు 40 టన్నులు దాటిపోతుంది. మీ బకెట్‌లో 0.3 ఘనపు మీటర్లు పడుతుందనుకున్నా 450 సార్లు ఎత్తి పోయాలి. బకెట్ ఒక్కదానితో నెట్టుకురావచ్చన్న ఆశ ఇక్కడితో వదులుకోవచ్చు.

చాలామంది ట్రాక్టర్ ఎంత మంచును తోయగలదని మాత్రమే ఆలోచిస్తారు. తోసిన మంచు ఎక్కడికి పోతుందన్నది అంతకంటే ముఖ్యం. బ్లేడు మంచును దారి అంచుకు జరుపుతుందే తప్ప అక్కడి నుంచి దూరంగా పంపదు. మొదటిసారి ఏ ఇబ్బందీ ఉండదు. అంచున మిగిలిన ఆ గట్టు రాత్రికి గడ్డకడుతుంది. మళ్లీ మంచు పడినప్పుడు బ్లేడు కొస ఆ గట్టుకు తగిలి ఆగుతుంది, కొత్త మంచు దాని లోపలి వైపే పోగుపడుతుంది. ఇలా చలికాలం సగం గడిచేసరికి కారు హాయిగా వెళ్లిన దారిలో అదే కారు పట్టడం కష్టమవుతుంది. గాలి ఉంటే ఇంకా చేటు. గట్ల మధ్య పల్లంలో గాలి వేగం తగ్గుతుంది, అది మోసుకొచ్చిన మంచంతా అక్కడే దిగుతుంది. అంటే మనం తీసిన దారే మంచును పట్టే కాలువగా మారుతుంది.

బ్లోయర్ మంచును గాలిలోకి లేపి దారికి చాలా దూరంలో పల్చగా పరుస్తుంది కాబట్టి అంచున గట్టు మిగలదు. నేను దాని వైపే మొగ్గడానికి కారణం ఇదొక్కటే. వేగం విషయంలో మాత్రం పలచని మంచుకు బ్లేడుదే పైచేయి.

బ్లోయర్ ఎంచుకునేటప్పుడు ముందు చూడాల్సింది పీటీఓ దగ్గర అందే శక్తి. 35 హెచ్‌పీ అన్నది ఇంజిన్ లెక్క, పీటీఓ దగ్గరికి వచ్చేసరికి అందులో కొంత తగ్గుతుంది. హైడ్రోస్టాటిక్ ట్రాన్స్‌మిషన్ (గేర్లకు బదులు నూనె ఒత్తిడితో, పెడల్ తొక్కి నడిపే ఏర్పాటు) ఉంటే ఇంకొంచెం ఎక్కువే పోతుంది. ట్రాక్టర్ మాన్యువల్‌లో పీటీఓ హెచ్‌పీ విడిగా రాసి ఉంటుంది, దాన్నే లెక్కలోకి తీసుకోండి. వెడల్పు అడుగుకు దాదాపు 5 పీటీఓ హెచ్‌పీ కావాలన్నది ఈ పని చేసేవారు పాటించే లెక్క. దాని ప్రకారం మీకు 5 అడుగుల బ్లోయర్ సరిపోతుంది. అయితే వెనుక టైర్ల బయటి అంచుల మధ్య కొలత దానికంటే తక్కువ ఉండాలి. వెనుక బ్లోయర్‌తో మంచు తీసేది బండిని వెనక్కి నడుపుతూనే, కొలత ఎక్కువైతే తీయని మంచు మీదికి టైర్లు ఎక్కుతాయి.

ఇంకో సంగతి, బ్లోయర్ బాగా విసరాలంటే పీటీఓ నిమిషానికి 540 చుట్లు తగ్గకుండా తిరగాలి, ట్రాక్టర్ మాత్రం నత్తనడక నడవాలి. హైడ్రోస్టాటిక్ బండికి ఇది చాలా తేలిక, పెడల్ మీద కాలు కొంచెం సడలిస్తే చాలు. గేర్ల బండి అయితే బాగా తక్కువ వేగంతో నడిచే రివర్స్ గేరు ఉండాలి, క్లచ్ తొక్కినా పీటీఓ ఆగకుండా తిరగాలి. క్లచ్‌తో పాటు పీటీఓ కూడా ఆగిపోయే పాత బండితో బ్లోయర్ నడపడం నరకం. మంచు ఎక్కువై బండి ఆపాల్సి వచ్చిన ప్రతిసారీ విసరడం కూడా ఆగిపోతుంది, గొట్టం పూడుకుపోతుంది.

తడి మంచులో ఈ పూడుకుపోవడాన్ని ముందే కనిపెట్టవచ్చు. పొడి మంచు గొట్టంలోంచి విల్లులా వంగి సన్నగా దూరం దూకుతుంది. తడి మంచు ఎక్కువవుతున్న కొద్దీ ఆ ధార దగ్గరకు కుంగుతుంది, ముద్దలు ముద్దలుగా రాలుతుంది, ఇంజిన్ చప్పుడు బరువెక్కుతుంది. ఆ క్షణంలోనే ముందుకు జరిగి, ఇంజిన్ మళ్లీ పుంజుకునేదాకా ఆగి, బ్లోయర్ సగం వెడల్పుకే మంచు అందేలా వెళ్లాలి. అప్పటికే పూడుకుపోతే పీటీఓ తీసేయండి, ఇంజిన్ ఆపి తాళం జేబులో వేసుకోండి, లోపలి చక్రం పూర్తిగా నిలిచాక కర్రతో పొడవండి. చెయ్యి మాత్రం ఎన్నడూ పెట్టకండి. పీటీఓ షాఫ్ట్ మీది ప్లాస్టిక్ తొడుగు పగిలితే మార్చేదాకా పని మొదలుపెట్టకండి. చలికోటు వదులు కొస ఒక్కటి చుట్టుకుంటే చాలు, మనిషి దక్కడు.

మీది కంకర దారి కాబట్టి బ్లోయర్ అంచు నేలకు ఒక అంగుళం ఎత్తులో ఉండేలా దాని అడుగున ఉండే పాదాలను దించుకోండి. నేల గడ్డకట్టే ముందు పడిన తొలి మంచును పూర్తిగా తీయకుండా, బండి తిప్పి తొక్కించి గట్టిపరచండి. అది గడ్డకట్టాక కంకర కదలదు. అయినా ఎప్పుడో ఒక రాయి లోపలికి పోతుంది, అప్పుడు షియర్ బోల్టు తెగి యంత్రాన్ని కాపాడుతుంది. ఆ బోల్టులు కంపెనీ చెప్పిన రకానివే కొన్ని టూల్ బాక్సులో ఉంచండి. గట్టిదని ఇంకో బోల్టు బిగిస్తే ఈసారి విరిగేది గేర్‌బాక్సు.

వెనుక బ్లోయర్‌కు ఒక్క లోపం ఉంది, దారి పొడవునా వెనక్కి తిరిగి చూస్తూ నడపాలి. 300 మీటర్లు మెడ తిప్పి కూర్చోవడం తేలిక కాదు. పెద్ద అద్దాలు పెట్టుకుంటే కొంత నయం. ముందుకు నడుపుతూ వెనుక లాక్కుపోయే రకం బ్లోయర్లూ ఉన్నాయి. వాటితో మెడకు హాయిగా ఉంటుంది గానీ మంచును టైర్లు ముందే తొక్కేస్తాయి. ట్రాక్టర్ ముందు అమర్చే బ్లోయర్ అన్నిటికంటే సుఖం. దానికి విడిగా ఫ్రేము, ముందు దాకా శక్తిని తీసుకెళ్లే షాఫ్ట్ కావాలి, ఖర్చు బాగా పెరుగుతుంది.

వెనుక బ్లేడే సరిపోతుందని తేలితే బరువైనదే తీసుకోండి. తేలికదైతే గట్టిపడిన మంచు మీద గీతలు పెడుతూ జారిపోతుంది. పొలం చదును చేసే బ్లేడు లాంటిదే ఇదీ, కోణం మార్చే వీలు మాత్రం తప్పనిసరిగా ఉండాలి. 6 అడుగుల బ్లేడును 30 డిగ్రీలు తిప్పితే అది తుడిచే వెడల్పు 5.2 అడుగులకు తగ్గుతుంది, కొనేటప్పుడే ఈ లెక్క వేసుకోండి. కంకర మీద బ్లేడును పూర్తిగా వెనక్కి తిప్పి, ఉబ్బెత్తు వైపు మంచుకు ఎదురుగా పెట్టి లాగితే రాళ్లను తవ్వకుండా పైపైన జారుతుంది. తొలి మంచుకే దారికి అటూ ఇటూ మీటరు చొప్పున ఎక్కువగా తోసి పెట్టుకోండి, తర్వాత పడేదానికి చోటు కావాలి.

లోడర్‌కు తగిలించే ముందు బ్లేడు చూడటానికి ఆకర్షణగా ఉంటుంది. కానీ లోడర్ చేతులను ఎత్తడానికి చేశారు, పక్క నుంచి వచ్చే దెబ్బను తట్టుకోవడానికి కాదు. బ్లేడు కోణంలో ఉండగా కొస ఏ మొద్దుకో తగిలితే ఆ విసురంతా చేతుల మీద పడి అవి మెలితిరగవచ్చు. కొనక తప్పకపోతే దెబ్బ తగిలినప్పుడు ముందుకు వాలే స్ప్రింగులున్నదే చూడండి.

మీ లోడర్ బకెట్‌ను మాత్రం తీసేయకండి. రోడ్డు మంచు తీసే లారీ వచ్చిపోయాక మీ దారి మొదట్లో ఒక గట్టి కట్ట మిగులుతుంది, అందులో గడ్డలు ఉంటాయి. దాన్ని బ్లోయర్‌కు పెట్టకుండా బకెట్‌తో ఎత్తి మీ స్థలంలోనే పోయండి. రోడ్డు మీదికి తోయడం ప్రమాదం, చాలా చోట్ల చట్టవిరుద్ధం కూడా.

ఏది కొన్నా వెనుక టైర్లకు గొలుసులు వేయండి, ఫెండర్లకు తగలకుండా ఎడం ఉందో లేదో ముందే చూసుకోండి. మంచు పడకముందే దారి అంచుల వెంట పొడవాటి కర్రలు పాతండి, తెల్లగా పరుచుకున్నాక మలుపు ఎక్కడో ఎవరికీ తెలియదు.

ఇక మీరు చూడాల్సినవి రెండే, మాన్యువల్‌లోని పీటీఓ హెచ్‌పీ, వెనుక టైర్ల బయటి కొలత. వాటితో పాటు గాలి ఏ వైపు నుంచి తగులుతుందో, మీది గేర్ల బండో హైడ్రోస్టాటిక్ బండో రాయండి. ఎంత వెడల్పుది తీసుకోవాలో ఇంకా కచ్చితంగా చెబుతాను.