కోతలయ్యాక రా అమ్మలూ, పేర్లు రాద్దాం

అమ్మలూ,

పర్లాకిమిడి చుట్టుపక్కల గెడ్డలు (వాగులు), బందలు (చెరువులు), మెట్టల (గుట్టల) పేర్లన్నీ రాసిపెడతానన్నావు కదా, అప్పట్నుంచీ నా బుర్రలో అదే తిరుగుతోంది. మంచి పనే, కానీ ముందే మౌజా మ్యాపూ (రెవెన్యూ వాళ్ళ ఊరి పటం) ఖతియానూ (ఎవరి భూమి ఏదో రాసే రికార్డు) ముందేసుకుని కూర్చోకు. మనూరు ఒడిశాలో ఉంది కదా, అవి ఒడియాలో ఉంటాయి, ఒడియా లిపిలో ఎ-ఏలకీ ఒ-ఓలకీ వేర్వేరు అక్షరాల్లేవు, కొన అన్నా కోన అన్నా అక్కడ ఒకటే. నేనూ ఓసారి కాగితం చూసి ఫలానా "కోన" అని రాసేసుకుని ఎండలో రెండు గంటలు నడిచెళ్తే అక్కడ లోయా లేదు ఏం లేదు, చెరువుగట్టు చివర చేను, కొన అన్నమాట!

పెద్దమనుషుల అరుగుల మీద కూర్చుంటే వాళ్ళ సొంత పొలాల పేర్లే చెప్తారు. ఆవులు కాసేవాళ్ళతో, ఊడుపులకెళ్ళే ఆడవాళ్ళతో నడు, గట్టు మీద పదడుగులకో పేరొస్తుంది. "దీన్ని చాకలిబంద అంటారా?" అని మాత్రం అడక్కు, నీ మొహం చూసి ఊ అనేస్తారు, "ఇదేంటి?" అని ఊరుకో. ఎవరు చెప్పారు, వయసెంత, ఏ భాషలో అన్నారు, పక్కనే రాసుకో, ఫోన్ మ్యాపులో ఆ చోటికి పిన్ కూడా పెట్టుకో. ఒకే గెడ్డకి పైఊళ్ళో ఒక పేరు, కిందూళ్ళో ఇంకోటి ఉంటే రెండూ రాయి, ఏది కరెక్టో తేల్చే పని మనది కాదు. పేరొకటే అయి నీళ్ళు వేరయ్యేవీ ఉన్నాయి, మహేంద్రతనయనే చూడు, మనూరి పక్కనుంచి పోయి వంశధారలో కలిసేది ఒకటి, బారువ దగ్గర సముద్రంలో కలిసేది ఇంకోటి.

కొండల్లో ఉండే సవర గిరిజనుల ఊళ్ళకెళ్తే రికార్డింగ్ తప్పదు, అడిగి చెయ్యి. వాళ్ళ మాటల్లో గొంతు నొక్కి ఆపే శబ్దం ఉంటుంది, మన అక్షరాల్లో అది పట్టదు. "సింగి"తో అయిపోయే ఊరిపేర్లు బోలెడు, అర్థం వాళ్ళనే అడుగు, మనకి తోచిన కథ అల్లొద్దు. గిడుగు రామమూర్తి గారు ఇక్కడే మాష్టారుగా ఉంటూ సవరల దగ్గరే వాళ్ళ భాష నేర్చుకున్నారు, ఆయనకే లేని నామోషీ మనకెందుకు! వాళ్ళు పూజ చేసుకునే చోట్లకి మాత్రం, వాళ్ళు సరేనంటే తప్ప పిన్ పెట్టకు.

కాగితాలు ఆఖర్న చూద్దువుగాని. 1936 ఏప్రిల్ 1కి ముందు మనం మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్నాం కదా, ఎవరింట్లో అయినా ట్రంకుపెట్టెలో తెలుగు దస్తావేజు దొరికితే హద్దులు చెప్పే భాగం ఫోటో తీసుకో, తూర్పున ఫలానా గెడ్డ, పడమర ఫలానా మెట్ట అని అందులోనే ఉంటాయి. గొడవల్లో ఉన్న భూమైతే ముట్టుకోకు, నిన్ను సర్వేకొచ్చిన మనిషనుకుంటారు.

ఇప్పుడొద్దు, కోతలయ్యాక రా, గట్లు బాగా కనిపిస్తాయి. చెప్పులు కాదు, బూట్లు తెచ్చుకో. మోకాళ్ళు ఊరుకుంటే బంద దాకా నేనూ వస్తాను.

మీ తాతయ్య