బండి సందేహాలు: ఎండలో ఎత్తు ఎక్కుతుంటే గేర్‌బాక్స్ కాగిపోతోంది

ప్రశ్న: నమస్తే అండీ. మేం అరిజోనాలో ఛాండ్లర్‌లో ఉంటాం. ఆటోమేటిక్ పికప్ ట్రక్కు, వెనకాల 6,000 పౌండ్ల ట్రావెల్ ట్రైలర్. పోయిన జూలైలో ఫ్లాగ్‌స్టాఫ్ వెళ్తుంటే బ్లాక్ కేన్యన్ సిటీ దాటాక ఎత్తులో ట్రాన్స్‌మిషన్ టెంపరేచర్ 232కి పోయింది. అక్కడ ఏసీ ఆపేయండి అని బోర్డు ఉంటుంది కదా, మావారు ఆపేశారు, వెనక సీట్లో పాప ఒకటే ఏడుపు. ఇప్పుడు ఆయనేమో గేర్‌బాక్స్ ఆయిల్‌ని చల్లబరిచే పెద్ద కూలర్ ఒకటి బిగిస్తే చాలంటున్నారు, సర్వీస్ వాళ్ళేమో ఆ ఆయిల్ లైఫ్‌టైమ్ ఉంటుంది ముట్టుకోవద్దన్నారు. ఎవరి మాట వినాలి?
ఒక పాఠకురాలు, ఛాండ్లర్

జవాబు: మీవారి మాట సగం కరెక్టు అమ్మా, ఆ ఆయిల్ మాట మాత్రం పక్కన పెట్టండి. ఇక్కడి పాఠకుల కోసం చెప్తున్నా, 232 అంటే ఫారెన్‌హీట్, మన సెల్సియస్ లెక్కలో 111 డిగ్రీలు, కింద మీ జవాబులో చెప్పే డిగ్రీలన్నీ ఫారెన్‌హీటే.

ముందు ఆ వేడి ఎక్కడ పుడుతోందో చూద్దాం. ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్యలో టార్క్ కన్వర్టర్ ఉంటుంది, దాంట్లో రెండు రెక్కల చక్రాలు ఎదురెదురుగా ఆయిల్లో మునిగి ఉంటాయి, ఇంజన్ వైపుది ఆయిల్ని విసిరితే ఆ ఊపుకి రెండోది తిరుగుతుంది. రెండూ ఒకే స్పీడులో తిరగనంతసేపూ మధ్యలో ఆయిల్ని కవ్వం పెట్టి చిలికినట్టే, ఆ చిలుకుడంతా వేడి అవుతుంది. హైవే మీద చదునుగా పోతుంటే లోపల లాకప్ క్లచ్ పడి రెంటినీ కలిపేస్తుంది, అప్పుడు వేడి దాదాపు ఉండదు. మీ ఎత్తులో జరిగిందేంటంటే బండి 8కి 7కి మధ్య గేర్లు మారుస్తూ కొట్టుకుంటోంది, మారినప్పుడల్లా లాక్ వదిలేస్తోంది, మళ్ళీ పడుతోంది, మళ్ళీ వదిలేస్తోంది. ఫీనిక్స్ ఎత్తు సుమారు 1,100 అడుగులు, ఫ్లాగ్‌స్టాఫ్ దాదాపు 7,000, దారంతా ఇదే తంతు.

కాబట్టి కూలర్ కొనేముందు డ్రైవింగ్ మార్చండి, ఇది ఫ్రీ. ట్రైలర్ తగిలించగానే టో/హాల్ బటన్, అంటే బరువు లాగేటప్పటి మోడ్, నొక్కేయండి, ఎత్తు మొదలవకముందే మాన్యువల్‌లో ఓ రెండు గేర్లు కిందికి దించి అక్కడే పట్టుకోండి, స్పీడు 50, 55 మైళ్ళకి తగ్గించి కుడి లేన్‌లో లారీల వెనకాల పోండి. ఇంజన్ 3,500 ఆర్‌పీఎమ్‌లో అరుస్తుంది, అరవనివ్వండి, దానికేం కాదు. మనవాళ్ళకి మైలేజ్ పిచ్చి కదా, ఇంజన్ కాస్త గట్టిగా మోగితే ప్రాణం పోయినట్టు టాప్ గేర్లోకి తోస్తారు, గేర్‌బాక్స్ ఉడికేది అక్కడే.

ఏసీ సంగతి. మీరున్న రాష్ట్రంలోనే స్టేట్ రూట్ 68 మీద డేవిస్ డ్యామ్ గ్రేడ్ అని ఉంది, బుల్‌హెడ్ సిటీ దగ్గర మొదలై 11 మైళ్ళ పైచిలుకులో 3,000 అడుగుల దాకా ఎక్కుతుంది. బండి ఎంత బరువు లాగగలదో చెప్పే టోయింగ్ రేటింగ్‌కి ఎస్ఏఈ అనే ఇంజనీర్ల సంఘం పెట్టిన జే2807 అని ఒక స్టాండర్డ్ ఉంది, దానికి నమూనా ఆ రోడ్డే. బయట కనీసం 100 డిగ్రీలు, ఏసీ ఫుల్లు, వెనకాల రేటింగ్ మొత్తం బరువు, మామూలు పికప్ అయితే 40 మైళ్ళకి తగ్గకుండా ఎక్కాలి. 2011 మోడల్ టండ్రా పికప్‌తో టయోటా మొదట దీన్ని పాటించింది, మిగతావాళ్ళు తర్వాత మెల్లగా వచ్చారు. అంటే మీ రేటింగ్ ఈ స్టాండర్డ్ ప్రకారం ఇచ్చిందై, బరువు అందులోపల ఉంటే, 40, 45లో పోయినా పర్లేదనుకుంటే ఏసీ వేసుకునే ఎక్కగలగాలి. ఏసీ కండెన్సర్ రేడియేటర్ ముందే ఉంటుంది కాబట్టి దాని వేడి వెనకున్న వాటికి తగులుతుంది, బోర్డు పెట్టింది అందుకే, అబద్ధం కాదు. కానీ 112 డిగ్రీల్లో చంటిపిల్లని పెట్టుకుని ఏసీ ఆపడం నాకైతే ఒప్పుకోబుద్ధి కాదు, తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరితే ఈ గొడవే ఉండదు. మీ ఊరికి దగ్గర్లో ఉన్న ఫీనిక్స్‌లో 2023లో వరసగా 31 రోజులు 110 కానీ అంతకన్నా ఎక్కువ కానీ నమోదైంది, రెంటచింతల వాళ్ళు కూడా దండం పెట్టే ఎండ అది, టెస్టు 100 దగ్గర మొదలైతే మీరు ఇంకో పది డిగ్రీలు పైన నడుపుతున్నారని గుర్తుంచుకోండి.

ఇక కూలర్. ముందు బండి ముందుభాగంలో టార్చి వేసి చూడండి, టో ప్యాకేజీతో వచ్చిన బండైతే కంపెనీ కూలర్ అప్పటికే ఉండొచ్చు, దాని రెక్కల మధ్య పురుగులు, దుమ్ము మేటవేసి ఉంటే దానికి గాలే తగలదు. మామూలు గొట్టంతో ఇంజన్ వైపు నుంచి బయటికి నీళ్ళు కొట్టండి, ప్రెషర్ వాషర్ వద్దు, రెక్కలు మడిచేస్తుంది. అయినా వేడి తగ్గకపోతే అప్పుడు ఎక్స్‌ట్రా కూలర్, పలకలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టుండే స్టాక్డ్ ప్లేట్ రకం మేలు, ఆయిల్ ముందు రేడియేటర్లోకి పోయి తర్వాత దీంట్లోకి వచ్చి గేర్‌బాక్స్‌కి తిరిగిపోయేలా కలపాలి. కొత్త బండ్లకి లోపల థర్మోస్టాట్ కూడా ఉంటుంది, అది తెలిసిన మెకానిక్కే చెయ్యాలి, వారంటీ ఉంటే ముందు అడిగి రాయించుకోండి.

ఆయిల్ లైఫ్‌టైమ్ అంటే ఎవరి లైఫ్‌టైమో అడగాల్సింది మీరు. మాన్యువల్లో టోయింగ్‌ని కష్టమైన వాడకం కింద వేరుగా రాస్తారు, ఆ పేజీ చూడండి. మెకానిక్కుల పాత లెక్క ఒకటుంది, 175 దాటాక ప్రతి 20 డిగ్రీలకీ ఆయిల్ ఆయుష్షు సగం అవుతుందని, ఇప్పటి సింథటిక్ ఆయిళ్ళు అంత త్వరగా పాడవ్వవు గానీ దారి మాత్రం అదే. ఎర్రగా ఉండాల్సిన ఆయిల్ గోధుమరంగుకి తిరిగి మాడు వాసన వస్తే ఆగకుండా మార్చండి, మాన్యువల్లో రాసిన ఆయిలే పోయించండి, ఫోర్డ్ 10 స్పీడ్‌కి మెర్కాన్ యూఎల్‌వీ అని ఉంటే అదే, ఏదో ఎర్రగా ఉంది కదా అని పొయ్యకూడదు.

232కి బండి చచ్చిపోదు. నేనైతే ఎత్తులో 220 దాకా చూసీ చూడనట్టు వదిలేస్తా, 235 వస్తే ఇంకా స్పీడు తగ్గిస్తా, 250 అయితే పక్కకి తీసేస్తా, మీ మాన్యువల్లో వేరే అంకె ఉంటే అదే ఫైనల్. ఆపాక వెంటనే ఇంజన్ కట్టెయ్యకండి, పంపు తిరిగితేనే ఆయిల్ కూలర్‌కి వెళ్తుంది, సన్‌సెట్ పాయింట్ రెస్ట్ ఏరియాలో ఐడ్లింగ్‌లో పెట్టి అంకె దిగడం చూడండి. పాత డాడ్జ్ ట్రక్కులైతే పార్క్‌లో ఆయిల్ కూలర్‌కి పోదు, న్యూట్రల్‌లో పెట్టి హ్యాండ్‌బ్రేక్ వెయ్యాలి. ఎండుగడ్డి మీద మాత్రం ఆపకండి, ఎగ్జాస్ట్ వేడికి అంటుకుంటుంది.

ప్రశ్న: హైదరాబాద్‌లో నాది ఫార్చ్యూనర్ ఆటోమేటిక్. మే నెల ట్రాఫిక్‌లో సిగ్నల్ పడ్డ ప్రతిసారీ న్యూట్రల్ చెయ్యాలా?
ఒక పాఠకుడు, కూకట్‌పల్లి

జవాబు: అక్కర్లేదండీ, బ్రేక్ మీద కాలు ఉండి ఐడ్లింగ్‌లో పుట్టే వేడి కొంచెమే. రెండు మూడు నిమిషాలు కదలదని తెలిస్తే చెయ్యండి, అంతే. ఫ్లైఓవర్ ఎత్తులో, అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంపు మీద బ్రేక్ వదిలేసి యాక్సిలరేటర్‌తో బండిని నిలబెడతారు చూడండి, అది మానండి, పైన చెప్పిన చిలుకుడు అక్కడే ఎక్కువ.

ప్రశ్న: కొత్త లారీ ఏఎంటీ తీసుకున్నా. డోర్నాల నుంచి శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే కాలిన వాసన వస్తోంది. గేర్ ఆయిల్ కూలర్ వేయించమంటారా?
ఒక పాఠకుడు, మార్కాపురం

జవాబు: వద్దన్నా, డబ్బు దండగ. ఏఎంటీలో టార్క్ కన్వర్టర్ ఉండదు, మామూలు క్లచ్ ప్లేటే, దాన్ని నొక్కేది మాత్రం మెషిన్. వాసన ఆ ప్లేటుది అయ్యుంటుంది. మలుపులో ముందు బండి ఆగితే యాక్సిలరేటర్ మీద పట్టుకోకుండా పూర్తిగా బ్రేక్ వేసి ఆగండి, ఖాళీ దొరికాక ఒకేసారి కదలండి, ఎత్తులో మొదటి గేర్ మాన్యువల్‌గా పెట్టుకోండి. అయినా వాసన వస్తే లోడు ఎంత వేస్తున్నారో చూసుకుని క్లచ్ చెక్ చేయించండి.