మెదడుకు మందు చేర్చే ముందు

కర్నూలు

అమ్మా,

అనంతపురంలో ఎం.ఫార్మసీ ప్రాజెక్టుకు, మెదడుకు మందు చేర్చే నానో కణాలు, అంటే మందును మోసుకుపోయే అతి చిన్న రేణువులు, తయారు చేస్తానని రాశావు. చాలా సంతోషం. కానీ నీ మందు అసలు మెదడులోకి ఎందుకు పోవడం లేదో ముందు తేల్చుకో. అది తేల్చుకోకుండా నేరుగా నానోకు దిగే పిల్లలను చూస్తే నాకు బాధేస్తుంది.

మెదడులోని సన్నని రక్తనాళాల గోడలో జీవకణాలు సందు లేకుండా అతుక్కుని ఉంటాయి. 1967లో రీస్, కార్నోవ్‌స్కీ ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో చూపించింది దీన్నే. అందుకే అణువు చిన్నదై, కొవ్వులో కరిగేదైతే మేలంటారు. అదొక్కటే చాలదు. లోపెరమైడ్ సంగతి చూడు, విరేచనాలకు మన మెడికల్ షాపుల్లో ఇచ్చేదే. మార్ఫిన్ జాతి మందు, కొవ్వులో బాగా కరుగుతుంది. అయినా మామూలు మోతాదులో మత్తు రాదు. ఆ గోడలోని పీ-గ్లైకోప్రోటీన్ అనే పంపు దాన్ని మళ్ళీ రక్తంలోకి తోసేస్తుంది. నీ మందుదీ ఇదే కథైతే కొవ్వులో కరిగే గుణం ఎంత పెంచినా లాభం లేదు. ల్యాబులో పెంచిన జీవకణాల పొర మీద నీ మందు అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు ఎంత దాటుతోందో కొలువు. పంపును ఆపే మందు కలిపి మళ్ళీ కొలువు.

ఉన్న దారి ఏదైనా దొరుకుతుందేమో కూడా వెతుకు. పార్కిన్సన్ జబ్బులో మెదడులో తగ్గే డోపమిన్‌ను మందుగా ఇచ్చినా మెదడులోకి పోదు, లోపల డోపమిన్‌గా మారే లెవోడోపా పోతుంది. అమైనో ఆమ్లాలను గోడ దాటించి మోసే వాహక ప్రోటీనే దాన్నీ మోస్తుంది. పార్కిన్సన్ ఉన్నవాళ్ళు సంకటిలోకి పప్పు, గుడ్డు బాగా తిని వెంటనే లెవోడోపా మాత్ర వేసుకుంటే కొందరికి సరిగా పనిచేయనిది అందుకే, ఆ తిండిలోని ప్రోటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలతో ఆ వాహకం దగ్గర పోటీ.

ఇక ఎలుకల పని. మెదడు తీసే ముందు గుండె ద్వారా సెలైన్ పంపి రక్తం కడిగెయ్. లేకుంటే నాళాల్లో మిగిలిన మందు కూడా మెదడు లెక్కలో పడుతుంది. మెదడులో ఉన్న మొత్తం మందు కన్నా, దేనికీ అంటుకోకుండా విడిగా ఉన్న మందే ముఖ్యం. పనిచేసేది అదే. రక్తంలో విడిగా ఉన్నదానితో దాన్ని పోల్చు. ఉత్త మందుకు ఒక గుంపు, మందు లేని ఖాళీ నానో కణాలకు ఒక గుంపు తప్పకుండా ఉండాలి. ఖాళీ నానో కణాలు ఇచ్చిన ఎలుకలకు ఈవాన్స్ బ్లూ అనే నీలి రంగు ఎక్కించి చూడు. ఆ రంగు రక్తంలోని అల్బుమిన్ అనే ప్రోటీన్‌కు అంటుకుని రక్తంలోనే ఉండాలి. మెదడు నీలంగా మారిందంటే నీ నానో కణాలు ఆ రక్తనాళాల గోడనే దెబ్బతీస్తున్నాయి. అలాంటి ఫలితాన్ని విజయమని రాయకు తల్లీ, రేపు అది రోగి మెదడు.

జంతు ప్రయోగాల కమిటీకి పెట్టే అర్జీలోనే ఈ గుంపులన్నీ రాయి. తర్వాత కలపాలంటే మళ్ళీ అనుమతికి తిరగాలి. అర్జీ ఇచ్చే ముందు నాకొకసారి పంపు, చూసిస్తాను.

నీ పెదనాయన